వాక్యం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఆజ్ఞ పక్కన కథ పెట్టి చదవడం

పోయిన పాఠంలో ఒక వచనాన్ని దాని అధ్యాయంలోనే ఉంచి చదవడం చూశాం కదా, ఈసారి ఇంకో మెట్టు. బైబిల్లో మోషే ద్వారా దేవుడిచ్చిన ధర్మశాస్త్రంలో ఉన్న ఒక ఆజ్ఞని, అది ఎవరి బతుకులో నడిచిందో ఆ కథతో కలిపి చదవడం. దీనికి లేవీయకాండము 19:9-10, రూతు 2వ అధ్యాయం తీసుకుంటున్నా, ఎందుకంటే కోనసీమలోనో పాలకొల్లు వైపో పుట్టినవాళ్ళకి పరిగె, అంటే కోతలో రాలిన వెన్నులు, ఏరుకోవడం గురించి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ముందు ఆజ్ఞ. పొలం ఓరల దాకా కోయొద్దు, పరిగె నువ్వే ఏరేసుకోవద్దు, ద్రాక్షతోటలో రాలిన పళ్ళు ఏరొద్దు, బీదలకీ పరదేశులకీ వదిలేయ్. ఏ ఆజ్ఞ చదివినా ముందు అడగాల్సింది, దేవుడు ఇక్కడ ఎవరితో మాట్లాడుతున్నాడు? పంట ఉన్నవాడితో. బీదవాడికి ఒక్క షరతు కూడా పెట్టలేదు, మంచివాడై ఉండాలనీ లేదు, మన ఊరివాడై ఉండాలనీ లేదు. ఎవరికివ్వాలో ఎంచే పని కూడా రైతుకి లేదు, వదిలేసి వెళ్ళిపోవడమే, వచ్చినవాళ్ళు ఎవరి ముందూ చెయ్యి చాపకుండా తమ కష్టంతో ఏరుకుంటారు. నాకైతే ఈ ఆజ్ఞలో గుండెకి తగిలేది ఇదే.

మన చేలల్లో కోత మిషన్ దిగే ముందు అది తిరగడానికి మూలలు కొడవలితో కోసి చోటు చేస్తారు, చూసే ఉంటారు. ఆజ్ఞ వదిలేయమంది ఆ అంచుల్నే, గట్టు మీద పోయేవాళ్ళకి అందే చోటు. ఎంత వదలాలో మోషే చెప్పలేదు. తర్వాతి యూదు బోధకులు, సుమారు క్రీ.శ. 200లో కూర్చిన మిష్నా అనే తమ నియమాల గ్రంథంలో, 60వ వంతుకి తగ్గకూడదన్నారు. ఎకరాకి 30 బస్తాలనుకుంటే అర బస్తా.

ఇప్పుడు రూతు 2 తెరవండి. రూతు మోయాబు దేశం నుంచి అత్త నయోమితో బేత్లెహేముకి వచ్చిన విధవరాలు, బోయజు ఆమె పరిగె ఏరిన చేను యజమాని. కాయితం మీద నిలువుగా గీత గీసి ఎడమ వైపు ఆజ్ఞ అడిగింది, కుడి వైపు బోయజు చేసింది రాయండి. కుడి వైపు ఎంత నిండుతుందో చూడండి. పనల మధ్య కూడా ఏరుకోనివ్వమన్నాడు, కట్టల్లోంచి కావాలనే లాగి పడేయమన్నాడు (15, 16), పనివాళ్ళతో కూర్చోబెట్టి అన్నం పెట్టాడు, దాహమైతే వాళ్ళు తోడిన నీళ్ళు తాగమన్నాడు. అన్నిటికంటే 9వ వచనం దగ్గర ఆగండి. నిన్ను ముట్టుకోవద్దని పనివాళ్ళకి చెప్పా అంటాడు, ఆ మాట ఎందుకు చెప్పాల్సొచ్చింది? 22లో నయోమి భయం కూడా అదే, వేరే చేలోకి వెళ్ళకు అంటుంది. అంటే ఏరుకునే హక్కు ఆజ్ఞ ఇచ్చింది, కానీ ఒంటరి ఆడమనిషి, పైగా మోయాబుది, చేలోకి వెళ్ళి క్షేమంగా ఇంటికి రావడం ఆ యజమాని మీద ఆధారపడింది. కథ పక్కన పెట్టుకోకపోతే ఇది మనకి కనపడదు. ఇప్పటికీ తెల్లారకుండా ఆటోలో నాట్లకి, కోతలకి వెళ్ళే ఆడవాళ్ళని అడగండి, కూలి డబ్బులతో పాటు ఇంకేం చూసుకుని ఒక రైతు దగ్గరికి వెళ్తారో చెప్తారు.

ఇంకోటి, హక్కు ఉండి కూడా రూతు 7వ వచనంలో అనుమతి ఎందుకు అడిగింది? రూతు 1:1 చూడండి, అది న్యాయాధిపతుల కాలం, ఇశ్రాయేలుకి ఇంకా రాజు లేని రోజులు. జవాబు మీరే రాసుకోండి.

చివరిగా ఒక జాగ్రత్త. ఆజ్ఞ చదివిన వెంటనే మన కాలానికి దూకొద్దు. ఆజ్ఞ కాపాడుతోంది దేన్నో రెండు ముక్కల్లో రాశాకే ఇవాళ్టికి రండి. నేను రాసుకున్నది: లేనివాడి తిండి, వాడి పరువు. మరి మన డెల్టాలో చేను ఒకరిది, సాగు కౌలు రైతుది, పండినా ఎండినా మక్తా బస్తాలు, అంటే ముందే ఒప్పుకున్న కౌలు, చేను యజమానికి కొలవాలి. అలాంటప్పుడు అంచు వదలాల్సింది ఎవరు? నా మట్టుకి, మక్తా తీసుకునేవాడే ముందు.

ఈ వారం అభ్యాసం: ద్వితీయోపదేశకాండము 23:25, మార్కు 2:23-28. మళ్ళీ అదే గీత, రెండు వైపులా రాయండి. యేసు శిష్యులు వేరేవాళ్ళ చేలో వెన్నులు తుంచితే, ధర్మశాస్త్రాన్ని గట్టిగా పాటించే పరిసయ్యులు తప్పుపట్టింది పని చేయకూడని విశ్రాంతిదినం గురించే, దొంగతనం అని ఒక్క మాట అనలేదు. ఎందుకు అనలేదో రాసుకుని ఉంచండి, 5వ పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.