లాట్కేలు కరకరలాడాలంటే

హనుక్కా పండగ ఎనిమిది రోజులూ యూదులు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునే రోజులు. జెరూసలేం ఆలయంలో ఒక్కరోజుకు సరిపడే నూనెతో దీపం ఎనిమిది రోజులు వెలిగిందన్న కథకు గుర్తుగా ఇంటింటా నూనె వంటలే. తూర్పు యూరప్ మూలాలున్న ఇళ్లలోనైతే బంగాళదుంప లాట్కేలు, అంటే దుంప తురుముతో నూనెలో వేయించే చిన్న అట్లు, ఉండాల్సిందే.

అవి మెత్తబడిపోతున్నాయా? తురిమిన దుంప, ఉల్లిపాయ పల్చటి బట్టలో మూటకట్టి గట్టిగా పిండండి. ఆ నీళ్లు పారబోయొద్దు! పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. పైనీళ్లు వంపేసి, ఆ పిండిని మళ్లీ తురుములో కలపండి. గుడ్డు, ఉప్పు, కాస్త మైదా చాలు. నూనె దగ్గర పిసినారితనం వద్దు, అసలు పండగే నూనెది. వేయించే పని మొత్తం అమ్మమ్మ మీదే వదిలేయకండి, వంతులు వేసుకోండి. ఆవిడ కూడా యాపిల్ సాస్ నంజుకుని వేడివేడిగా తినాలి కదా.