ఆక్సిమీటర్ 98 చూపిస్తే ఏం తెలిసినట్టు?

ఆక్సిమీటర్ అంటే వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే క్లిప్. ముందు వేలు చూడండి. నెయిల్ పాలిష్ ఉంటే తుడిచేయండి. ఆషాఢంలో గోరింటాకు ముదురుగా పండి ఉంటే, తక్కువ పండిన వేలు ఎంచుకోండి. డిసెంబరు పొద్దుల్లో చేతులు చల్లబడతాయి, రుద్ది వెచ్చబరచండి. మనిషిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టాకే క్లిప్ తగిలించండి. మొదట కనబడిన అంకె కాదు, నిమిషం తర్వాత నిలకడగా ఉన్నది రాసుకోండి. మణికట్టు దగ్గర మీరు లెక్కపెట్టిన నాడికీ అందులోని పల్స్‌కీ పొంతన లేకపోతే ఆ రీడింగ్ నమ్మొద్దు.

మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఇళ్లకెళ్లి పెద్దవాళ్లను చూసుకునే నర్సుని నేను. "98 ఉంది సిస్టర్, ఇంకేం టెన్షన్ లేదు" అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో అంతే చెబుతుందది. బస్సులో సీట్లు నిండాయని తెలిస్తే, ఆ రూట్లో ఎన్ని బస్సులు తిరుగుతున్నాయో తెలుస్తుందా? హిమోగ్లోబిన్ 15 గ్రాములు ఉంటే 100 మి.లీ. రక్తం దాదాపు 20 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. 7.5 ఉంటే అందులో సగమే. మీటర్ మాత్రం ఇద్దరికీ 98 చూపించగలదు. అమ్మకి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? కింది రెప్ప లాగి చూడండి. లోపల పాలిపోయి ఉంటే రక్తపరీక్ష చేయించండి.

కార్బన్ డయాక్సైడ్ సంగతి ఆ క్లిప్‌కి అసలు తెలియదు. ఒంట్లో తయారైన ఆ వాయువులో దాదాపు 70 శాతం, ఎర్ర రక్తకణాల్లో బైకార్బనేట్ అనే రూపంలోకి మారి, రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో కలిసి ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. అక్కడ మళ్లీ వాయువై బయటికి పోతుంది. మిగతాది కొంత హిమోగ్లోబిన్‌కి అంటుకుని, కొంత కరిగి వెళ్తుంది. సీవోపీడీ (ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు) ముదిరినవాళ్లలో కొందరికి ఈ కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. అలాంటివాళ్లకు డాక్టర్లు సాధారణంగా 88–92 చాలంటారు. 98 రావాలని కాన్సన్‌ట్రేటర్‌లో (ఇంట్లో ఆక్సిజన్ అందించే యంత్రం) లీటర్లు మీరే పెంచేస్తే అంకె బాగుంటుంది, కానీ కార్బన్ డయాక్సైడ్ పెరిగి మనిషి మత్తులోకి జారిపోవచ్చు. పొద్దున్నే తలనొప్పి, పగలంతా జోగడం కనిపిస్తే డాక్టర్‌కి చెప్పండి. ఏబీజీ, అంటే ధమని రక్తంలోని వాయువులు చూసే పరీక్ష, రాస్తారు. మణికట్టు ధమనిలోంచి రక్తం తీస్తారు, మామూలు సూది కంటే నొప్పెక్కువ. పెద్దాయనకి ఆ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి.

గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంలో ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే మీటర్ కోసం వెతకొద్దు. గీజర్ నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ని కూడా మీటర్ ఆక్సిజన్ ఖాతాలోనే వేస్తుంది. తలుపు తీసి, మనిషిని బయటి గాలిలోకి లాగి, 108కి ఫోన్ చేయండి.