చెక్ అంటే చూడటమే అనుకుని అమెరికా వస్తున్నవాళ్లకు

నేను మొదటిసారి అమెరికాలో దిగింది షికాగోలో. అక్కణ్నుంచి డల్లాస్ వెళ్లాలి. కౌంటర్లో ఉన్నావిడ నా చేతిలోని చిన్న సూట్‌కేసు చూసి, "డూ యు వాంట్ టు చెక్ దిస్?" అంది. "ఇంట్లోనే రెండుసార్లు చెక్ చేసుకున్నానండీ, అన్నీ ఉన్నాయి" అన్నాను. ఆవిడ మళ్లీ అదే అడిగింది. నేనూ మళ్లీ అదే చెప్పాను. వెనకాల లైన్లో ఎవరో నవ్వారు.

ఆవిడ అడిగింది సూట్‌కేసు విమానం పొట్టలో వేయడానికి ఇచ్చేస్తారా అని. సామాను విషయంలో చెక్ చేయడమంటే అప్పగించడం. ఇలా అప్పగించింది చెక్డ్ బ్యాగ్, చేత్తో పట్టుకెళ్లేది క్యారీ ఆన్. ఈ తేడా మన ఆవకాయకు ప్రాణసంకటం. పచ్చళ్లు, నెయ్యి, చట్నీల్లాంటివన్నీ సెక్యూరిటీవాళ్ల లెక్కలో ద్రవాల కిందికే వస్తాయి. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు మించిన సీసా ఉంటే అక్కడే చెత్తబుట్టలోకి పోతుంది. అమ్మ పెట్టిన జాడీ ఏదైనా సరే, చెక్డ్ బ్యాగులోనే సర్దండి. ఇంకో మాట. విదేశం నుంచి వచ్చి లోపల ఇంకో విమానం ఎక్కాల్సి ఉంటే, సాధారణంగా మొదట దిగిన ఊళ్లోనే పెద్ద సూట్‌కేసులు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. దాన్ని రీచెక్ అంటారు. హైదరాబాద్‌లో ట్యాగు మీద చివరి ఊరి పేరు వేశారు కదా అని నేరుగా రెండో విమానం దగ్గరికి పరిగెత్తకండి.

మనకు బడిలో వచ్చిన చెక్ ఒక్కటే, "సరిగ్గా ఉందో లేదో చూడు" అని. ఇక్కడ ఆ అర్థం ఒక్కటే కాదు, ఇంకా చాలా ఉన్నాయి. అసలీ మాట పుట్టింది చదరంగం బల్ల మీద. పారశీకంలో షా అంటే రాజు. రాజుకు ముప్పు వచ్చిందని ఎదుటివాణ్ని హెచ్చరించే ఆ కేక పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చెక్ అయింది. మన పేపర్లలో "ప్రత్యర్థికి చెక్" అని హెడ్డింగు పెట్టేవాళ్లు తెలిసో తెలియకో అసలు అర్థానికి దగ్గరగానే ఉన్నారు. అడ్డుకోవడం నుంచి అదుపు, అదుపు నుంచి సరిచూడటం, దాన్నుంచి బ్యాంకు కాగితం, ఇలా కొమ్మలు వేసుకుంటూ పోయింది. బ్యాంకు చెక్కుకు మనం, బ్రిటన్‌వాళ్లు చివర క్యూ-యూ-ఈ రాస్తాం. అమెరికావాళ్లకు అన్నిటికీ ఒకటే స్పెల్లింగు. తికమక సగం అక్కడే ఉంది.

ఎక్కువ దెబ్బలు తగిలేది బ్యాంకు దగ్గరే కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం.

ఇండియాలో జీతం పడేది, ఖర్చు పెట్టేది సేవింగ్స్ ఖాతా నుంచే. ఇక్కడ రోజువారీ ఖాతా పేరు చెకింగ్ అకౌంట్. బ్యాంకులో అడిగినప్పుడు సేవింగ్స్ చాలని చెప్పి తర్వాత అవస్థ పడ్డవాళ్లను చూశాను. చెకింగే తెరవండి. ఉద్యోగంలో చేరగానే హెచ్ఆర్‌వాళ్లు వాయిడెడ్ చెక్ అడుగుతారు. ఖాళీ చెక్కు మీద అడ్డంగా పెద్దక్షరాలతో వాయిడ్ అని రాసి ఇవ్వడమే. జీతం ఏ ఖాతాలో వేయాలో తెలియడానికి దాని కింద ఉన్న అంకెలు కావాలి వాళ్లకు. అందులో 9 అంకెలది బ్యాంకు రౌటింగ్ నంబరు. మన ఐఎఫ్ఎస్‌సీ కోడ్ లాంటిదనుకోండి. చెక్కుబుక్కు ఇంకా రాకపోతే ఆ రౌటింగ్ నంబరు, మీ ఖాతా నంబరు రెండూ ఉన్న కాగితం బ్యాంకువాళ్లే ఇస్తారు.

ఫోన్లో డబ్బు పంపడానికి అలవాటు పడ్డ మనకు, ఇంటద్దెకు చెక్కు రాసివ్వమంటే వింతగానే ఉంటుంది. కొన్ని అపార్ట్‌మెంట్లు ఇప్పటికీ అలాగే అడుగుతాయి. తేదీలో ముందు నెల రాయాలి. 03/04 అంటే మార్చి 4, ఏప్రిల్ 3 కాదు. 1,450 డాలర్లయితే అక్షరాల్లో రాశాక, సెంట్ల కోసం పక్కన 00/100 అని వేస్తారు. మూలన రెండు గీతలు గీసే మన అలవాటు ఇక్కడ లేదు.

రాబోయే తేదీ వేసి ముందే ఇచ్చే చెక్కుల సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొదటి ఏడాది, జీతం 1న పడుతుంది కదా అని, ఇంటాయనకు 5వ తేదీ వేసి చెక్కు 28నే ఇచ్చేశాను. ఇండియాలో ఆ తేదీ వచ్చేదాకా బ్యాంకు దాన్ని ముట్టదు. ఆయన 29న బ్యాంకులో వేశాడు, ఖాతాలో డబ్బు లేదు, చెక్కు తిరిగొచ్చింది. బ్యాంకు ఒక ఫీజు వేసింది, ఇంటాయన ఇంకో ఫీజు వేశాడు. మీరు ముందుగా బ్యాంకుకు చెప్పి ఉంచకపోతే, చెక్కు మీద తేదీ ఎప్పటిదైనా వాళ్లు చెల్లించేయవచ్చని ఆ రోజు తెలిసింది. కాబట్టి డబ్బు ఖాతాలో పడ్డాకే చెక్కు చేతికివ్వండి.

అద్దెకు దిగేటప్పుడు మొదటి మొత్తానికి క్యాషియర్స్ చెక్ కావాలంటే కంగారు పడకండి, అది మన డీడీ లాంటిదే. బ్యాంకుకు వెళ్తే అక్కడికక్కడే ఇస్తారు.

విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక మాట. ఇంటి నుంచే పార్ట్‌టైమ్ ఉద్యోగమని చెప్పి, ముఖం చూడకుండానే మీ పేరు మీద 2,000 డాలర్ల చెక్కు పంపేవాళ్లు ఉంటారు. "నీ జీతం ఉంచుకుని మిగతాదానికి గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపు" అంటారు. బ్యాంకులో వేస్తే ఒకటి రెండు రోజుల్లో ఖాతాలో డబ్బు కనిపిస్తుంది. కనిపించినంత మాత్రాన చెక్కు చెల్లినట్టు కాదు. అది దొంగదని తేలడానికి వారాలు పట్టవచ్చు, తేలాక ఆ డబ్బంతా బ్యాంకు మీ దగ్గరే వసూలు చేస్తుంది. తెలివైన పిల్లలే ఇందులో పడ్డారు.

క్రెడిట్ చెక్ గురించి క్లుప్తంగా చెప్తాను. ఇల్లు అద్దెకిచ్చే ముందు మీ అప్పుల చరిత్ర చూస్తారు. మన సిబిల్ స్కోరు ఇక్కడ లెక్కలోకి రాదు. కొత్తగా వచ్చినవాళ్లకు చరిత్రే ఉండదు కాబట్టి ఎక్కువ డిపాజిట్ అడగవచ్చు, ఆఫర్ లెటర్ చూపించమనవచ్చు. అవమానంగా తీసుకోకండి, అందరికీ జరిగేదే.

ఇక కారు. సెకండ్ హ్యాండ్ కారు కొన్న నెలకు డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. చెక్ చేయమంది కదా అని పక్కకు ఆపి, బానెట్ ఎత్తి ఇంజిన్ వైపు చూశాను. ఇంజిన్ కూడా నా వైపు చూసింది. ఆ లైటుకు అర్థం మీరు చూడమని కాదు, లోపల ఏదో కోడ్ నమోదైంది, మెకానిక్‌కు చూపించమని. ఒక్కోసారి పెట్రోలు మూత సరిగ్గా బిగించకపోయినా వెలుగుతుంది. ముందు అది చూసుకోండి. ఇక్కడ అమ్మే కార్లలో 1996 నుంచి ఒకే రకం ప్లగ్గు ఉంటుంది కాబట్టి, విడిభాగాల షాపుల్లో చాలాచోట్ల చిన్న పరికరం తగిలించి ఆ కోడ్ ఉచితంగానే చదివిపెడతారు. లైటు నిలకడగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో చూపించవచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం ఆపేయండి. అది ఖరీదైన రిపేరుకు ముందస్తు కబురు.

మనుషుల మధ్య తిరిగే చెక్‌లు ఇంకో రకం. ఉగాదికి ఆఫీసులో ఒకాయన్ని భోజనానికి పిలిస్తే, "కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?" అన్నాడు. బేస్‌బాల్ ఆట వాన వల్ల ఆగిపోతే ఇంకోరోజు చూసుకోమని ఇచ్చే చీటీ పేరది. ఇప్పుడు కాదు, ఇంకోసారి చూద్దామని అర్థం. ఆ ఇంకోసారి అనే ముక్కను నేను నిజమనుకున్నాను. వరసగా మూడు శనివారాలు పిలిచాను. మూడోసారికి పాపం ఆయనే మొహమాటపడి వచ్చి పులిహోర తిని వెళ్లాడు. మీరు ఒక్కసారితో ఆపేయండి. నిజంగా రావాలనుంటే ఆయనే తేదీ చెప్తాడు.

ఆఫీసులో "జస్ట్ చెకింగ్ ఇన్" అని మెయిల్ వస్తే, పలకరింపు వేషంలో వచ్చిన గుర్తుచేయడం. పని ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నారన్నమాట. మేనేజర్‌తో వారానికోసారి ఉండే చెక్ ఇన్ తనిఖీ కాదు, టెన్షన్ అక్కర్లేదు. ఫలానా వ్యక్తి చెక్డ్ అవుట్ అన్నారంటే సెలవు మీద ఉన్నాడని కాదు, సీట్లో ఉన్నా మనసు లేదని. అన్నిటికంటే ముఖ్యం, మనం "చెక్ చేసి చెప్తాను" అనే మాట. మన దగ్గర అది చాలాసార్లు సంభాషణ ముగించే మర్యాద. ఇక్కడ చెప్తే సాయంత్రానికి జవాబు కోసం చూస్తారు. చెప్పే ఉద్దేశం లేకపోతే ఆ మాట అనకండి.

హోటల్లో తిన్నాక బిల్లుకూ చెక్కే పేరు. నలుగురు వెళ్లి ఎవరిది వాళ్లు కట్టాలంటే, ఆర్డరు ఇచ్చేటప్పుడే సెపరేట్ చెక్స్ అని చెప్పేయండి.

చివరిది ఫారాలు. మనం టిక్కు పెట్టడమంటాం, వీళ్లు చెక్ అంటారు. టిక్కుకు బదులు ఇంటూ గుర్తు పెట్టినా ఇక్కడ అవుననే లెక్క. మా నాన్నగారు వచ్చినప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఫారంలో జబ్బుల జాబితా ఉంది, పైన "చెక్ ఆల్ దట్ అప్లై" అని ఉంది. నేను కారు పార్క్ చేసి వచ్చేలోపు ఆయనే నింపి ఇచ్చేశారు. పది నిమిషాల్లో నర్సు కంగారుగా బయటికి వచ్చింది. గుండె, కిడ్నీ, కాలేయం, థైరాయిడ్, ఒక్కటీ వదలకుండా గుర్తులు పెట్టి ఉన్నాయి. ఏంటి నాన్నా ఇది అంటే, "వచ్చే ముందు హైదరాబాద్‌లో అన్నీ చెక్ చేయించుకున్నాను కదరా, అదే రాశాను" అన్నారు. ఉన్నది షుగరొక్కటే. ఇంకో ఫారం తీసుకుని పక్కన కూర్చున్నాను.