బరువు తగ్గాలంటే పండు ఎప్పుడు, ఎంత తినాలి

రోజూ పండు తింటే సన్నబడిపోతామని కొందరు, మామిడిపండు ముట్టుకుంటే లావైపోతామని కొందరు. రెండూ నమ్మకండి. పండు దానంతటది కొవ్వు కరిగించదు, అది దేనికి బదులుగా తింటున్నామన్నదే అసలు లెక్క. రాత్రి అన్నం ఎప్పటిలాగే తినేసి, పైన రెండు సువర్ణరేఖ మామిడిపళ్లు లాగించారనుకోండి, బరువు పెరుగుతుంది. సాయంత్రం బజ్జీలు మానేసి ఆ టైముకి ఒక జామకాయ తింటే మెల్లగా తగ్గుతుంది.

కాబట్టి ముందు ఏది మానేస్తారో తేల్చుకోండి. మన విజయనగరం, శ్రీకాకుళంలో చాలామందికి అది సాయంత్రం టిఫినే. ఆఫీసు నుంచి ఆకలితో బయలుదేరి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరకొచ్చేసరికి బజ్జీల బండి కనబడుతుంది, ఇక అక్కడ ఆగకుండా రావడం ఎవరికైనా కష్టమే, అందుకని బయలుదేరే ముందే పండు తినేయండి. పొద్దున్నే బ్యాగులో ఒక జామకాయో అరటిపండో వేసుకుంటే సరిపోతుంది.

ఎంత తినాలంటే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకి 100 గ్రాముల పండు అని ఉంది. చిరుతిండి పూర్తిగా మానేసినవాళ్లు ఇంకొంచెం తిన్నా ఫర్వాలేదు. 100 గ్రాముల పుచ్చకాయలో సుమారు 30 కేలరీలు, మామిడిలో 60, జామలో 70 లోపు ఉంటాయి. జామలో పీచు మామిడికన్నా బాగా ఎక్కువ, నమలడానికీ టైము పడుతుంది, కడుపు నిండినట్టుంటుంది. నన్నడిగితే బరువు తగ్గాలనుకునేవాళ్లకి జామ తర్వాతే ఏదైనా. సీతాఫలం, పనస, అరటి మాత్రం 90-100 కేలరీల దాకా వెళ్తాయి.

పనసతో మరీ జాగ్రత్త. ఉద్దానం నుంచి చుట్టాలు కాయ పంపారంటే ఇంటిల్లిపాదీ చేతులకి నూనె రాసుకుని చుట్టూ కూర్చుంటాం, ఒకరు తొనలు తీస్తుంటే మిగతావాళ్లు నోట్లో వేసుకుంటూనే ఉంటారు, ఎన్ని తిన్నామో ఎవరికీ గుర్తుండదు. నాలుగైదు తొనలు గిన్నెలో వేసుకుని అక్కడి నుంచి లేచి వెళ్లిపోండి. పిక్కలు కూర వండుకుంటే ఆ పూట అన్నం తగ్గించండి, వాటిలో ఉండేది పిండిపదార్థమే.

జ్యూస్ వద్దు. గ్లాసు నిండాలంటే మూడు నాలుగు బత్తాయిలు పిండాలి, పీచంతా వడపోతలో పోతుంది, నిమిషంలో తాగేస్తాం, ఆకలి అలాగే ఉంటుంది. దానికి తోడు పంచదార. తాండ్ర కూడా పండే కదా అంటారు. మన విజయనగరం జిల్లా భీమాళిలో మామిడి రసాన్ని తీపి కలిపి చాపల మీద పొర మీద పొర పోసి ఎండబెడతారు, నీరంతా ఆరిపోయి చివరికి మిగిలేది చిక్కటి తీపి. నాకూ ప్రాణమే, కానీ దాన్ని స్వీటు కింద లెక్కేసుకుని ఎప్పుడో ఒక ముక్క తినండి.

షుగర్ ఉన్నవాళ్లు భోజనం మీద పండు తినకుండా, భోజనానికీ భోజనానికీ మధ్య కొద్దిగా తినడం మేలు.

ఉద్దానంవాళ్లకి ఒక మాట. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో మీకు తెలుసు. కిడ్నీలు దెబ్బతింటే ఒంట్లో పొటాషియం సరిగా బయటికి పోదు, అది పెరిగితే గుండెకే ప్రమాదం. అరటిపండు, పనస, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే లెక్క) ఎక్కువ ఉంటే, పైన చెప్పిన లెక్కలేవీ వాళ్లకి వర్తించవు, రిపోర్టు డాక్టరుకి చూపించి ఏ పండు ఎంత తినొచ్చో అడిగాకే పెట్టండి.