ఫీజు తీసుకునే డీఎంపీ వదిలి ఉచిత ప్లాన్‌కి మారేముందు

బ్రిటన్‌లో క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్లు మోయలేక డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్‌లో (డీఎంపీ: నెలనెలా ఒక కంపెనీకి కడితే అది అప్పులవాళ్లందరికీ పంచే ఏర్పాటు) చేరిన మనవాళ్లలో చాలామందికి అదే పని ఉచితంగా చేసిపెట్టేవాళ్లున్నారని ఆలస్యంగా తెలుస్తుంది. నాకూ అంతే. 19 నెలలు ఫీజు కట్టాక తెలిసింది. తెలిసిన రోజు కోపంతో డైరెక్ట్ డెబిట్ ఆపేద్దామనిపించింది. ఆపలేదు కాబట్టి బతికిపోయాను. మారడం మంచిదే, కానీ దెబ్బ తగిలేది ఆ మారే నెలా రెండు నెలల్లోనే.

ముందు లెక్క చూడండి. బాకీ 12,000 పౌండ్లు, వడ్డీ ఆగింది, నెలకు 200 కడుతున్నారనుకుందాం. మొత్తం 200 అప్పులవాళ్లకే వెళ్తే 60 నెలల్లో తీరిపోతుంది. అందులో 30 కంపెనీ ఫీజుగా పోతే 71 నెలలు పడుతుంది. అంటే దాదాపు ఇంకో ఏడాది కట్టాలి, 2,100 పైచిలుకు పౌండ్లు ఊరికే పోతాయి. స్టెప్‌చేంజ్, పేప్లాన్ లాంటి ఉచిత ప్లాన్ సంస్థల్లో మీ దగ్గర ఫీజు తీసుకోరు, ఆ ఖర్చు చాలావరకు అప్పిచ్చిన బ్యాంకులే భరిస్తాయి. ‘ఫ్రీ అంటే ఏదో మెలిక ఉంటుంది’ అనుకునే స్వభావం మనది. ఇక్కడ మాత్రం మెలికంతా డబ్బు తీసుకునేవాళ్ల దగ్గరే ఉంది.

అసలు మీరున్నది ఏ ప్లాన్‌లోనో తెలుసా? కాగితాలు తీసి చూడండి. పైన ‘ఐవీఏ’ (ఇండివిడ్యువల్ వాలంటరీ అరేంజ్‌మెంట్, అప్పులవాళ్లతో చట్టబద్ధమైన ఒప్పందం) అని ఉంటే ఈ మాటలు మీకు వర్తించవు. డీఎంపీ చట్టబద్ధమైన కట్టుబాటు కాదు, ఎప్పుడైనా బయటికి రావచ్చు. ఐవీఏ అలా కాదు, మధ్యలో కట్టడం మానేస్తే దివాలా దాకా వెళ్లే ప్రమాదముంది. స్కాట్లాండ్‌లో ఉండి డెట్ అరేంజ్‌మెంట్ స్కీమ్‌లో (అక్కడి ప్రభుత్వ పథకం) చేరి ఉంటే అదీ వేరే దారి. ఫోన్‌లో అందరూ ‘ప్లాన్’ అనే అంటారు కాబట్టి చాలామందికి ఈ తేడా తెలియదు.

పాతవాళ్లకి ఒక్క ముక్క చెప్పకముందే కొత్తవాళ్లతో మాట్లాడండి. జీతం, అద్దె, కౌన్సిల్ టాక్స్, కరెంటు, గ్యాస్, తిండి, బస్సు ఖర్చు అన్నీ అడుగుతారు. ఇంటికి పంపే డబ్బు దాచొద్దు. అమ్మానాన్నల మందులకి నెలకు 80 పౌండ్లు పంపుతూ పరువు కోసం చెప్పకపోతే, మూడో నెలకే వాయిదా తప్పుతుంది. చేబదుళ్ల సంగతీ చెప్పండి. ఊళ్లో తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ మామూలుగా ఇక్కడి ప్లాన్‌లో చేరదు. దాని కిస్తీ మీరే చూసుకోవాలి కాబట్టి బడ్జెట్ వేసేటప్పుడే ఆ మాట బయటపెట్టాలి.

ఇంకో మాట. అందరికీ డీఎంపీయే సరైనదని కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో డెట్ రిలీఫ్ ఆర్డర్‌కి (అప్పులు మాఫీ అయ్యేలా చేసే అధికారిక ఆదేశం) 90 పౌండ్ల ఫీజు 2024 ఏప్రిల్‌లో ఎత్తేశారు, అప్పు పరిమితిని అదే ఏడాది జూన్‌లో 50,000కి పెంచారు. ఆస్తి లేక, నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలనివాళ్లు దాని గురించి తప్పక అడగాలి. ఫీజు వసూలు చేసే కంపెనీ ఆ మాట తనంతట తాను ఎత్తుతుందని నేను ఆశ పెట్టుకోను.

నెట్‌లో వెతికేటప్పుడు జాగ్రత్త. పైన వచ్చే ప్రకటనల్లో పేరు దాదాపు ఛారిటీలా ఉంటుంది. నొక్కి నంబరు ఇస్తే ఎవరో మీ వివరాలు ఇంకొకరికి అమ్ముకుంటారు. వెబ్‌సైట్ అడ్రసు మీరే టైప్ చేయండి, ఆర్థిక సంస్థల మీద నిఘా పెట్టే ఎఫ్‌సీఏ రిజిస్టర్‌లో పేరూ ఫోన్ నంబరూ సరిచూడండి. దారి తెలియకపోతే నేషనల్ డెట్‌లైన్‌కో, సిటిజన్స్ అడ్వైస్‌కో ఫోన్ చేస్తే ఉచితంగా చెబుతారు.

ఇప్పుడు అసలు పని. పాత కంపెనీ నుంచి మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా స్టేట్‌మెంట్ రాతపూర్వకంగా అడగండి: మీరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత వెళ్లింది, ఫీజు ఎంత, వాళ్ల దగ్గర మీ డబ్బు ఇంకా ఎంత ఉంది. అది వచ్చాక ఒక ఆదివారం కూర్చుని, అప్పులవాళ్ల లెటర్లు పక్కన పెట్టుకుని వరుసకు వరుస పోల్చండి. నేను అలా చేస్తేనే ఒక కార్డు దగ్గర ఆగాను. స్టేట్‌మెంట్‌లో నాలుగు నెలలు వరసగా 23.40, 23.40, 23.40, 23.40. లెటర్‌లో చూస్తే బాకీ పైసా తగ్గలేదు. ఆ కార్డు అప్పుని బ్యాంకు ఎప్పుడో కలెక్షన్ కంపెనీకి అమ్మేసింది. మా ప్లాన్ కంపెనీవాళ్లు పాత అకౌంటుకే పంపుతూ వచ్చారు, బ్యాంకు తిప్పి పంపింది, ఆ 93.60 పౌండ్లు కంపెనీ దగ్గరే పడి ఉన్నాయి. నేను అడిగేదాకా ఎవరూ చెప్పలేదు.

అందుకే పాతవాళ్ల లిస్టునే కొత్తవాళ్లకి ఇచ్చి ఊరుకోవద్దు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ మూడు చోట్లా క్రెడిట్ రిపోర్టు (మీ అప్పుల చిట్టా) ఉచితంగా తీసుకోవచ్చు. ఇప్పుడు ఏ అప్పు ఎవరి చేతిలో ఉంది, రిఫరెన్స్ నంబరు ఏమిటి అన్నది అక్కడా, తాజా లెటర్లలోనూ చూసి రాసుకోండి.

కొత్త ప్లాన్ మొదటి వాయిదా తేదీ ఖాయమయ్యాకే పాతది రద్దు చేస్తూ ఈమెయిల్ పంపండి. మిగిలిన డబ్బు తిరిగి ఇవ్వమనీ అందులోనే రాయండి. తర్వాత బ్యాంకు యాప్‌లో డైరెక్ట్ డెబిట్ మీరే ఆపండి. కార్డు నంబరు ఇచ్చి కడుతుంటే అది డైరెక్ట్ డెబిట్ లిస్టులో కనిపించదు, బ్యాంకుకి విడిగా చెప్పాలి. ఒకే నెలలో ఇద్దరికీ కట్టేసి అద్దెకి తడుముకునే పరిస్థితి తెచ్చుకోవద్దు. జీతం పడే అకౌంటు మీరు బాకీ ఉన్న బ్యాంకులోనే ఉంటే, వేరే బ్యాంకులో బేసిక్ అకౌంటు తెరిచి జీతం అటు మళ్లించండి. బాకీ కింద ఆ బ్యాంకు మీ డబ్బు పట్టుకునే వీలుంది.

మధ్యలో ఏ ప్లాన్‌కీ వాయిదా కట్టని నెల వస్తే ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. ఏం చేయాలో కొత్త అడ్వైజర్‌ని అడగండి, కుదిరితే కొంత నేరుగా అప్పులవాళ్లకే కట్టండి. ఆ రోజుల్లో లెటర్లు వస్తాయి, కొందరు వడ్డీ మళ్లీ మొదలుపెడతారు. వడ్డీ ఆపడం వాళ్ల దయే, హక్కు కాదు. టెన్షన్ పడి కవర్లు విప్పకుండా డ్రాయర్‌లో పడేయకండి. కౌంటీ కోర్టు క్లెయిమ్ ఫారం అందితే 14 రోజుల్లో జవాబివ్వాలి, అది కూడా అలాంటి కవర్‌లోనే వస్తుంది. పరిస్థితి అంతదాకా వస్తే బ్రీతింగ్ స్పేస్ (అప్పులవాళ్ల ఒత్తిడిని కొన్నాళ్లు ఆపే ప్రభుత్వ పథకం) గురించి అడగండి. ఇంగ్లండ్, వేల్స్‌లో 60 రోజులు ఊరట దొరుకుతుంది, కానీ ఏడాదికి ఒక్కసారే.

పాతవాళ్లు డబ్బు తిరిగివ్వకపోతే వాళ్లకే కంప్లైంట్ రాయండి. 8 వారాలు దాటినా తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఖర్చేమీ లేదు. నా 93.60 ఆరో వారంలో వచ్చింది. ‘మళ్లీ చేరితే రెండు నెలలు ఫీజు మాఫీ’ అని అంతకు ముందురోజే వాళ్ల నుంచి ఒక ఫోన్ కూడా వచ్చింది.