దుబాయ్‌కి సరుకు పంపేటప్పుడు సుంకం మినహాయింపు పొందడం ఎలా?

భారత్, యూఏఈల మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం (సెపా) మీద 2022 ఫిబ్రవరి 18న సంతకాలయ్యాయి. మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. యూఏఈలో దిగే చాలా సరుకుల మీద మామూలుగా 5 శాతం కస్టమ్స్ సుంకం ఉంటుంది. సెపా ప్రకారం మన దేశం నుంచి వెళ్లే సరుకుల్లో సుమారు 97 శాతం రకాలకు ఆ సుంకం తీసేస్తారు, కొన్నిటికి మొదటి రోజు నుంచే, మిగతావాటికి దశలవారీగా. అయితే సరుకు మన దేశానిదే అనే సర్టిఫికెట్ చూపించి అడిగినవాళ్లకే ఆ మినహాయింపు దక్కుతుంది. చిన్న వ్యాపారులు ఇక్కడే నష్టపోతున్నారని నా బాధ. హైదరాబాద్‌లో పిల్లల కాటన్ ఫ్రాకులు కుట్టించి దుబాయ్ పంపే చిన్న యూనిట్ ఉందనుకుని, ఏం చేయాలో వరుసగా చూద్దాం.

1. ఐఈసీ తీసుకోండి

ఐఈసీ అంటే ఎగుమతి, దిగుమతిదారులకు ప్రభుత్వం ఇచ్చే కోడ్ నంబరు. ఎగుమతికైనా దిగుమతికైనా ఇది ఉండాల్సిందే. కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో అప్లై చేయాలి, ఫీజు 500 రూపాయలు. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వివరాలు ఒకసారి సరిచూసి కన్ఫర్మ్ చేయాలి. మార్పులేమీ లేకపోయినా సరే చేయాలి, లేదంటే ఐఈసీ పనిచేయకుండా పోతుంది.

2. హెచ్‌ఎస్ కోడ్ ఖాయం చేసుకోండి

హెచ్‌ఎస్ కోడ్ అంటే కస్టమ్స్ వాళ్లు ఒక్కో రకం సరుకుకు వాడే అంకెల గుర్తు. ఇక్కడ తొందరపడకండి. ఫ్రాకు గుడ్డ మగ్గం మీద నేసిందైతే 62వ అధ్యాయం, టీషర్టు గుడ్డలా అల్లినదైతే 61వ అధ్యాయం. నేసిన కాటన్ ఫ్రాకుకు 6204.42, అల్లిన కాటన్ ఫ్రాకుకు 6104.42. పసిపిల్లల బట్టలకు మళ్లీ వేరే కోడ్. చూడ్డానికి రెండూ ఒకలాంటి ఫ్రాకులే, కోడ్ తప్పితే మాత్రం సర్టిఫికెట్ అక్కరకు రాదు. అనుమానం ఉంటే గుడ్డ ముక్క, సప్లయర్ బిల్లు తీసుకెళ్లి మీ కస్టమ్స్ ఏజెంటుకు చూపించండి. తర్వాత ఒప్పందంలోని సుంకాల పట్టికలో ఆ కోడ్ ఎదురుగా ఏముందో మీరే చదవండి. ఎవరో చెప్పారని వదిలేయొద్దు.

3. సరుకు ‘మన దేశానిదే’ అని లెక్కతో చూపించండి

ఈ నియమం ఎందుకంటే, భారత్–శ్రీలంక ఒప్పందం 2000లో అమలైన తర్వాత అక్కడి నుంచి వనస్పతి, రాగి మన దేశానికి వెల్లువలా వచ్చాయి. వాటి ముడిసరుకు శ్రీలంకది కాదు, సుంకంలోని తేడా కోసమే ఆ దారిన వచ్చింది. అలాంటివాటికి అడ్డుకట్ట వేయడానికే ప్రతి ఒప్పందంలోనూ మూల నిబంధనలు, అంటే సరుకు ఏ దేశానిదో తేల్చే నియమాలు పెడతారు. కొన్ని వస్తువులకు ముడిసరుకు కోడ్, తయారైన సరుకు కోడ్ వేర్వేరుగా ఉండాలి. కొన్నిటికి నిర్ణీత శాతం విలువ ఇక్కడే కలవాలి. మీ కోడ్‌కి ఏది వర్తిస్తుందో చూసుకోండి.

ఆ తర్వాత ఒక ఫ్రాకుకు ఖర్చుల పట్టిక రాయండి: గుడ్డ, దారం, బటన్లు, లేసు, కుట్టుకూలి, ప్యాకింగ్. ఏది ఎక్కడ కొన్నారో పక్కన రాసి, బిల్లులు జత చేయండి. లేసు చైనాదైతే దాచకండి, అలాగే రాయండి.

4. సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్

డీజీఎఫ్‌టీ ఆన్‌లైన్ వేదికలోనే ఇన్‌వాయిస్, ఖర్చుల పట్టిక పెట్టి, సరుకు మన దేశానిదే అని చెప్పే ఈ సర్టిఫికెట్‌కు అప్లై చేయాలి. ఇన్‌వాయిస్, షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి మన కస్టమ్స్‌లో దాఖలు చేసే పత్రం), సర్టిఫికెట్ మూడింట్లోనూ కోడ్, పరిమాణం, పేర్లు అక్షరం తేడా లేకుండా ఉండాలి. సరుకు దుబాయ్ చేరేలోపే కాపీ కొనుగోలుదారుకు అందాలి.

5. ధర మాట్లాడండి

రవాణా, బీమా కలిపి 10 లక్షల సరుకు అనుకోండి. 5 శాతం అంటే 50 వేల సుంకం. అక్కడి 5 శాతం వ్యాట్‌ను సుంకం కలిపిన మొత్తం మీద వేస్తారు కాబట్టి అందులోనూ 2,500 తగ్గుతుంది. అయితే సుంకం కట్టేది మామూలుగా అక్కడి కొనుగోలుదారే. అలా ఆదా అయిన డబ్బు ముందు ఆయన జేబులోకే వెళ్తుంది. కాగితాల శ్రమంతా మీది, లాభమంతా ఆయనదైతే అన్యాయం. కొటేషన్ ఇచ్చేటప్పుడే ‘సెపా సర్టిఫికెట్ ఇస్తాం, మీకు 5 శాతం మిగులుతుంది’ అని చెప్పి, పీసుకు ఒకటిన్నర, రెండు శాతం ఎక్కువ అడగండి. ధర పెంచడానికి ఆయన ఒప్పుకోకపోతే పెద్ద ఆర్డరైనా, అడ్వాన్సైనా అడగండి. ఒప్పందం లేని దేశం నుంచి తెప్పించుకుంటే ఆయనకు ఆ 5 శాతం భారం తప్పదు, మీ బలం అదే.

దిగుమతి చేసుకునేవారైతే

గుడ్డో యంత్రమో ఒప్పందం కింద తెప్పించుకుంటే బాధ్యత మీ మీద ఉంటుంది. 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్న కారోటార్ (ఒప్పందాల కింద వచ్చే దిగుమతులు ఏ దేశానివో తేల్చే మన కస్టమ్స్ నియమాలు) నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ ఒక్కటి చేతిలో ఉంటే చాలదు. ఆ సరుకు ఎలా తయారైందో, ఆ దేశానిదే అని ఎలా తేలిందో దిగుమతిదారు దగ్గర కూడా వివరాలుండాలి. ఆర్డర్ పెట్టే ముందే అమ్మేవారిని అడిగి తీసుకోండి.

ఇక మొదటి కన్‌సైన్‌మెంట్ వెళ్లాక, అక్కడి దిగుమతి డిక్లరేషన్ కాపీ పంపమని కొనుగోలుదారుని అడగండి. అందులో సుంకం గడిలో సున్నా ఉందో లేదో చూసుకుని, ఆ కాపీ మీ ఫైల్లో పెట్టుకోండి. వచ్చే ఆర్డరుకు ధర మాట్లాడేటప్పుడు అది పనికొస్తుంది.