వరికి డ్రోన్‌తో మందు కొట్టించే ముందు: లెక్క, గాలి, నాజిల్

గట్టు మీద నుంచి డ్రోన్ లేవగానే అందరి కళ్లూ రెక్కల మీదకే పోతాయి. మందు పనిచేస్తుందా లేదా అన్నది మాత్రం అంతకుముందే, కలిపే బకెట్ దగ్గర తేలిపోతుంది.

చేతిపంపుతో కొడితే వరికి ఎకరాకు 200 లీటర్ల నీళ్లు అనేది అలవాటైన లెక్క. డ్రోన్‌కు 10 లీటర్లు చాలు. చాలామంది పొరబడేది ఇక్కడే. లీటరుకు 2 మి.లీ. కలపాల్సిన మందు ఎకరాకు మొత్తం 400 మి.లీ. పడాలి. పాత అలవాటు కొద్దీ 10 లీటర్ల ట్యాంకులోనూ లీటరుకు 2 మి.లీ. చొప్పునే పోస్తే పడేది 20 మి.లీ., అంటే ఇరవయ్యో వంతు. పురుగు చావదు సరికదా, మందును తట్టుకునే రకం మిగిలి పెరుగుతుంది. డ్రోన్‌కు లీటరు లెక్క వదిలేసి ఎకరా లెక్కే చూడండి. నీళ్లు తగ్గుతాయి, ఎకరాకు పడే మందు తగ్గదు.

దీని వల్ల ట్యాంకులోని మందు 20 రెట్లు చిక్కబడుతుంది. పంపు వీపున వేసుకుని మందు తుంపరలో నడిచే బాధ డ్రోన్‌తో తప్పింది, అది చాలా పెద్ద మేలు. అయితే ప్రమాదం పోలేదు, కలిపే మనిషి చేతికి మారింది. మోచేతుల దాకా నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కు, నిండు చేతుల చొక్కా లేకుండా ఎవరినీ కలపనివ్వకండి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. మెత్తని బ్రష్‌తో, నీళ్లతో శుభ్రం చేయాలి.

చిక్కటి మందుతో వచ్చే మరో చిక్కు, రెండు మూడు మందులు కలిస్తే విరిగిపోవడం. పంపులో బాగానే కలిసిన జోడీ డ్రోన్ ట్యాంకులో పెరుగులా గడ్డకట్టవచ్చు. ముందుగా సీసాలో పరీక్షించండి. ట్యాంకులో పోయాల్సిన ప్రతి దానిలో ఇరవయ్యో వంతు, నీళ్లు కూడా కలిపి మొత్తం అర లీటరు వచ్చేలా కలిపి, అరగంట ఆగి చూడండి. పొరలుగా విడిపోయినా, అడుగున ముద్ద పేరుకున్నా, సీసా వేడెక్కినా ఆ జోడీ వద్దు. కలిపే వరుస కూడా ముఖ్యం: సగం నీళ్లలో ముందు నీళ్లలో కలిసే పొడి, గుళికల రూపంలోని మందులు, తర్వాత చిక్కటి ద్రవ మందులు (SC), ఆ తర్వాత నూనె రకాలు (EC), చివరకు మిగతా నీళ్లు. పొడి మందును వేరే బకెట్‌లో కరిగించి, సన్నని జల్లెడలో వడపోసి పోయాలి.

2022 ఏప్రిల్‌లో కేంద్రం 477 మందులను డ్రోన్‌తో చల్లడానికి రెండేళ్ల మధ్యంతర అనుమతి ఇచ్చింది. మీరు వాడబోయే మందుకు ఇప్పుడు అనుమతి ఉందో లేదో వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి తెలుసుకోండి.

ఇక డ్రోన్ సెట్టింగులు. పైరు మీద 2 నుంచి 2.5 మీటర్ల ఎత్తు, సెకనుకు 4 మీటర్ల వేగం, ఒక్కో వరుసకు 4 మీటర్ల వెడల్పు అనుకుందాం. సెకనుకు 16 చదరపు మీటర్లు తడుస్తుంది. ఎకరా 4,047 చదరపు మీటర్లు కాబట్టి 253 సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో 10 లీటర్లు అయిపోవాలంటే పంపు నిమిషానికి సుమారు 2.4 లీటర్లు వదలాలి. పైలట్‌ను వేగం, వరుస వెడల్పు, పంపు నిమిషానికి వదిలే లీటర్లు, ఈ మూడు అంకెలూ అడిగి, లెక్క మీరే వేసుకోండి. ట్యాంకులో ఉత్త నీళ్లు పోసి, నాజిళ్ల కింద గ్లాసులు పెట్టి ఒక నిమిషం పట్టి చూస్తే ఏ నాజిల్ తక్కువ వదులుతోందో తెలిసిపోతుంది. ఎత్తు పెరిగితే గాలి మందును ఎత్తుకుపోతుంది. మరీ తగ్గితే రెక్కల గాలికి పైరు వాలిపోతుంది, వరుసల మధ్య చారలు మిగులుతాయి.

గాలి గంటకు 10 కిలోమీటర్లు దాటితే ఆపేయాలి. కర్రకు కట్టిన పలచని రిబ్బన్ అడ్డంగా సాగి నిలబడుతుంటే ఆ పూటకు పని వాయిదా వేయండి. ఆకు కూడా కదలని సంధ్యవేళా మంచిది కాదు. అప్పుడు సన్నని తుంపర కిందకు దిగక, పొగలా తేలుతూ పక్క పొలానికి చేరుతుంది. వరి పూత మీద ఉంటే ఉదయం వద్దు, పూలు విచ్చుకునేది అప్పుడే. సాయంత్రం నాలుగు దాటాక కొట్టించండి. గోదావరి జిల్లాల్లోలా వరి పక్కనే రొయ్యల చెరువు ఉంటే గాలి చెరువు వైపు వీచే రోజు డ్రోన్ లేపకూడదు. పురుగుమందు కొద్దిగా పడినా రొయ్య తట్టుకోదు. పక్కన పత్తి, మిరప, కూరగాయలు ఉంటే కలుపు మందుకు డ్రోన్ వాడకపోవడమే క్షేమం. కరెంటు తీగలు, చెట్లు ఉన్న అంచుల్లో కొంత మేర వదిలి చేతిపంపుతో పూర్తి చేయాలి.

అన్ని పురుగులకూ డ్రోన్ ఒకేలా పనిచేయదు. ఆకుముడత, ఆకుల మీది అగ్గి తెగులుకు సరిపోతుంది, తుంపర పడేది పైఆకుల మీదే కాబట్టి. సుడిదోమ దుబ్బు అడుగున, నీటికి కాస్త పైన ఉంటుంది. పొడ తెగులూ అక్కడే మొదలవుతుంది. దట్టమైన పైరులో ఆ లోతుకు తుంపర చేరదు. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలి ఉంటే కొంత మేలు. దోమ ఉధృతంగా ఉంటే పొలంలో నీళ్లు తీసేసి, దుబ్బు మొదళ్లు తడిసేలా చేతిపంపుతో కొట్టడమే దారి.

పైలట్ దగ్గర రిమోట్ పైలట్ సర్టిఫికెట్, డ్రోన్ మీద గుర్తింపు సంఖ్య, థర్డ్ పార్టీ బీమా ఉండాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఈ తరహా డ్రోన్లకు ఇవి తప్పనిసరి. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉన్నవారు సర్టిఫికెట్‌కు అర్హులు. స్వయం సహాయక సంఘాల కోసం 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకంలో డ్రోన్ ఖర్చులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. ఆ పథకం పెట్టిన 15 రోజుల శిక్షణలో డ్రోన్ నడపడానికి 5 రోజులే, మిగతా 10 రోజులూ మందులు, ఎరువులు చల్లడం నేర్చుకోవడానికి. ఆ పాళ్లు సరైనవే. ఊళ్లో పంపు కూలి తగ్గిపోతున్నవారికి కూడా ఈ కలిపే పని, అంచుల పని నేర్పితే చేతిలో కొంత పని మిగులుతుంది.

పని ముగిశాక ట్యాంకును మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను అదే పొలంలో చల్లాలి తప్ప కాలువలో వదలకూడదు. నాలుగైదు రోజుల తర్వాత డ్రోన్ తిరిగిన వరుసలకు అడ్డంగా నడిచి చూడండి. పురుగు చారలు చారలుగా మిగిలితే వరుసల వెడల్పు ఎక్కువైనట్టు. పొలం చివర్లలో ఆకులు మాడితే, డ్రోన్ మలుపు తిరుగుతూ నెమ్మదించినా పంపు ఆగలేదన్నమాట. తర్వాతి మడికి వెళ్లేలోపు పైలట్‌తో ఆ సెట్టింగు మార్పించండి.